రాజవ్వకు అందని పిలుపు

శ్రీరాంపూర్, ఆదివారం.

కంప్యూటర్ క్లబ్బుకు జనాన్ని ఎలా రప్పించాలో మాట్లాడటానికి మీటింగ్ పెడితే, నాతో కలిపి ముగ్గురం వచ్చాం. ఒకాయన మిర్చీలు పెడదామన్నాడు. ఇంకొకాయన హైదరాబాద్ నుంచి ఎవరినైనా పిలుద్దామన్నాడు. రెండింటికీ తలూపాను. ఓపిక లేదు. ఇలాగే ఉంటే క్లబ్బు గదిని క్యారమ్స్ వాళ్లకు ఇచ్చేస్తారట.

తాళం వేసి వస్తుంటే కూరగాయల బండి దగ్గర రాజవ్వ ఆపింది. మస్కట్‌లో ఉన్న కొడుకు మెయిల్లో పంపే కాగితాలు తానే చూసుకోవాలని పోయిన నెల క్లబ్బులో చేరింది.

"ఏం సారు, మీటింగ్ పెట్టి నాకు చెప్పకపోతిరి?"

"అందరికీ మెయిల్ పంపిన గదా రాజవ్వా."

"గా మెయిల్ తెరుసుడు నేర్సుకుందామనే గదా మీ కాడికొచ్చింది!"

నాకు నవ్వు కూడా రాలేదు. కాలనీలో నల్లా నీళ్లు రాకపోయినా, ఎవరైనా పోయినా గేటు దగ్గరి బోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు. అందరూ చదువుతారు. కంప్యూటర్ క్లబ్బు కబురు సుద్దతో రాస్తే బాగుండదని మేమే అనుకున్నాం.

ఇంటికొచ్చాక కూడా ఆమె మాటే వినబడుతోంది. ఆమెకు మెయిల్ అకౌంటు నేనే చేసిచ్చాను. పాస్‌వర్డ్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దాంతో ఆమె మెయిల్లోకి వెళ్లి చూస్తే నేను పంపిన పిలుపులన్నీ చదవకుండా అలాగే ఉన్నాయి. వాటి మధ్య కొడుకు పంపింది ఒకటి. నేను తెరవలేదు. పైన సబ్జెక్టు దగ్గర కనబడుతున్నది ఒక్క మాటే:

"అవ్వా, చూసినవా?"