లేని బ్రేకు

నవంబరు 18, మంగళవారం

కుడి మడమ ఇంకా సలుపుతోంది. లేని బ్రేకును తొక్కితే సలపదూ మరి!

నాన్న పోయి స్కూలు నా చేతికొచ్చి పదిహేనేళ్ళు. అప్పటి నుంచీ ఎడమ సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పుతున్నాను. మా బండిలో నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే నేను తొక్కడానికి. ఆదివారం నేను కూర్చున్నది తమ్ముడి కొత్త కారులో. అక్కడ నా కాళ్ళ దగ్గర రబ్బరు మ్యాట్ తప్ప ఏమీ లేదు. కాలికి ఆ సంగతి తెలియలేదు.

మణికట్టుకి కట్టు. అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయి. మిగతాది రేపు.

నవంబరు 19, బుధవారం

ఆదివారం సంగతి. రాసి పడేస్తే కాస్త తేలికవుతుందేమో.

కొవ్వూరు అవతల మామిడి తోటలో కార్తీక వనభోజనాలు. కంద బచ్చలి కూర, పులిహోర, అందరి నవ్వులు. నాకు సాయంత్రం క్లాసుంది. "పద అక్కా, నేను దింపుతా. బండి ఎలా వెళ్తుందో కూడా చూద్దువుగాని" అన్నాడు గోపి. వాడి పెళ్ళాం స్వాతి, పిల్లలు, అమ్మ తోటలోనే ఉండిపోయారు. కారులో మేమిద్దరమే.

ఆ కారు రోడ్డు మీది గీతల మధ్య తనంతట తనే వెళ్తుందట. ఎదురేదైనా వస్తే తనే ఆగుతుందట. "గేదె అడ్డమొచ్చినా చూస్తుందక్కా" అన్నాడు. స్టీరింగ్ మీద చిన్న తువ్వాలు కప్పి ఉంది. ఇదేంటిరా అంటే, కొత్త లెదరు కదా, చెమట మరకలు పడతాయన్నాడు. "చెయ్యి పెట్టి నడపరా" అన్నాను. "వేళ్ళు ఆనించే ఉంచా" అన్నాడు. నేను వాడి వేళ్ళు చూడలేదు. రోడ్డు చూస్తున్నాను. నా ఉద్యోగమే అది.

కాలవ రోడ్డు. గాలి కోసం అద్దాలు దించి ఉన్నాయి. ఎడమ సగమంతా ధాన్యం ఆరబోసి ఉంది, అంచున రాళ్ళు. ధాన్యం మధ్యలో ఒక ఆవిడ, తల మీద గోనెపట్టా, నడుం వంచి కాళ్ళతో గింజలు తిరగేస్తోంది. కారు కుడి పక్కకు తప్పుకోదు. వేగం తగ్గదు. నేను "గోపీ" అని అరిచాను. కాలు మ్యాట్ మీద పడింది. ఆ తర్వాత చెయ్యి స్టీరింగ్ మీద పడింది. కుడికి తోశాను.

కారు ఎడమ మూల ఆవిడకు తగిలింది. మేము కాలవగట్టు తుప్పల్లో ఆగాం. నేను దిగి పరిగెత్తాను. నీళ్ళు కావాలని సైగ చేసింది. కారులో నా కాళ్ళ దగ్గర దొర్లుతున్న సీసా ఒకటి అప్పటికే చేతిలో ఉంది. అందులోవే తాగించాను.

తుంటి ఎముక విరిగింది. పేరు సత్యవతి. బతికింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను.

నవంబరు 20, గురువారం

కొవ్వూరు నుంచి ఎస్సై గారి ఫోను. "మీ తమ్ముడు గారు స్టేట్‌మెంట్ ఇచ్చారండి. బండి బాగానే వెళ్తుంటే పక్కనున్న మీరు స్టీరింగ్ లాగేశారని, అందుకే అదుపు తప్పిందని. మీరూ ఒకసారి వచ్చి చెప్పాలండి."

నేనేం మాట్లాడానో గుర్తు లేదు. వస్తానండి అన్నట్టున్నాను.

నేను లాగలేదు. తోశాను. ఎడమ సీట్లో కూర్చున్న మనిషి స్టీరింగ్ లాగితే బండి ఎడమకు వస్తుంది, తిన్నగా ఆవిడ మీదకు. కుడికి పోవాలంటే తోయాలి. ఈ ముక్క వాడికి తెలియదా! నేర్పింది నేనే.

నవంబరు 21, శుక్రవారం

గోపికి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు, "మీటింగ్‌లో ఉన్నా అక్కా."

మీటింగట.

నవంబరు 22, శనివారం

అమ్మ వచ్చింది. వస్తూ వస్తూ నాకిష్టమని సున్నుండలు తెచ్చింది. అది గోపి ఇంటి డబ్బా. చూడగానే అర్థమైంది, అమ్మను ఎవరు పంపారో.

"వాడు ఆ మాట ఎందుకన్నాడమ్మా?"

"భయపడ్డాడే. బ్యాంకులో ప్రమోషన్ వచ్చే టైము. కేసు పడితే ఇంకేముంది!"

"మరి నా స్కూలు? నేర్పేదే ఇలా చేసిందని తెలిస్తే లైసెన్సు ఉంచుతారా? నాన్న పెట్టిన స్కూలమ్మా."

కాసేపు పవిట కొంగు నలిపింది. "నీదేముందే, ఒక్కదానివి. ఎలాగోలా గడిచిపోద్ది. వాడికి ఇద్దరు పిల్లలు." తర్వాత ఇంకో మాట. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. బయట పెట్టుకోకండి."

ఒక్కదాన్ని కాబట్టి నాకు పోయేదేమీ లేదట. నలభై మూడేళ్ళకు మా అమ్మ నోట వినాల్సిన మాట.

సున్నుండలు తినలేదు. చీమలు తింటున్నాయి.

నవంబరు 23, ఆదివారం

నిజంగా నేను తోయకపోతే ఆ కారు ఆగేదా?

వాడంటున్నది అదే కదా. ఆగేదేమో. ఆఖరి క్షణంలో బ్రేకు పడేదేమో. నేనే కంగారుపడి ఆ మనిషి తుంటి విరగ్గొట్టానేమో. ఈ ఏమో నన్ను పొద్దుటి నుంచీ తినేస్తోంది. అన్నం సయించలేదు.

నవంబరు 24, సోమవారం

కారు కొన్న షోరూముకి వెళ్ళాను. అమ్మిన రోజు నేనూ ఉన్నాను. "మీరు ఊరికే కూర్చోండి మేడమ్, అదే తీసుకెళ్ళిపోద్ది" అన్నాడు ఆ అబ్బాయి. అదే అబ్బాయి ఇవాళ నా చేతి కట్టు చూస్తూ, "అది సాయం మాత్రమేనండి. బాధ్యతంతా డ్రైవర్‌దేనండి" అంటాడు.

"రోడ్డు మీద ధాన్యం ఉంటే, అందులో మనిషి వంగి ఉంటే, ఇది గుర్తుపడుతుందా?"

"అలా ఎవరూ అడగలేదండి మేడమ్."

అమ్మేటప్పుడు డ్రైవరు కారు. గుద్దాక డ్రైవరు మనిషి. బాగుంది వరస.

నాకు కోపం వచ్చింది గానీ, ఆ కారు మీద రాలేదు. పాపం దానికేం తెలుసు! ఏ దేశపు రోడ్ల మీదో కళ్ళు తెరిచింది. మా వైపు కోతలప్పుడు సగం రోడ్డు కళ్ళమైపోతుందని దానికెవరు చెప్పారు? నేనైతే నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళకీ మొదటి వారమే చెప్తాను: ధాన్యం కనిపిస్తే మనిషి ఉన్నట్టే, కనిపించకపోయినా ఉన్నట్టే, కాలు బ్రేకు మీదకు రావాలి.

కారుకి ఎవరూ చెప్పలేదు. గోపికి నేను చెప్పాను.

నవంబరు 25, మంగళవారం

స్వాతి ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"సీసా పెట్టకండి, సీసా పెట్టకండి అని రోజూ మొత్తుకుంటానే ఉన్నానండి వదినా. వింటే కదా."

"ఏ సీసా?"

చప్పున ఆగిపోయింది. "ఏం లేదండి వదినా... చిన్నోడు లేచాడు, ఉంటానండి."

ఏ సీసా?

నవంబరు 26, బుధవారం

తెలిసింది.

ఇవాళ క్లాసుకి వచ్చిన కుర్రాణ్ణి మాటల్లో పెట్టి అడిగాను. వాడికి తెలియని వీడియో లేదు. అలాంటి కార్లలో చేతులు తీసేస్తే కాసేపటికి బండి అరుస్తుందట, చేతులు పెట్టు, చేతులు పెట్టు అని. అది అరవకుండా స్టీరింగ్ సందులో నీళ్ళ సీసా ఇరికిస్తారట. ఆ బరువును చెయ్యి అనుకుని బండి ఊరుకుంటుందట. "చాలామంది చేస్తారండి మేడమ్" అని నవ్వాడు.

ఇంటికొచ్చి సంచి వెతికాను. ఆ రోజు సత్యవతికి తాగించిన సీసా అందులోనే ఉంది. నడుం దగ్గర నొక్కుకుపోయి ఉంది, స్టీరింగ్ మందాన.

తువ్వాలు చెమట కోసం కాదు. సీసా నాకు కనపడకూడదని. నాకు! వాడికి క్లచ్ నేర్పినప్పుడు మూడు నెలలు నా కాలు బ్రేకు మీదే ఉంచి కూర్చున్నాను, వాడికి గీత పడకూడదని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టే అయింది.

నన్నొక్కదాన్నే కాదు. ఆ బండినీ మోసం చేశాడు. మనిషి ఉన్నాడా, చేతులున్నాయా అని అది అడుగుతూనే ఉంది. వీడు సీసా చూపించాడు. అది నమ్మింది. నేనూ నమ్మాను. రోడ్డు మీద ఆవిడ, వచ్చే బండిలో మనిషి ఉంటాడని నమ్మి నేను అరిచేదాకా తల తిప్పి కూడా చూడలేదు.

ఆ సీసాలోని నీళ్ళే ఆవిడ గొంతులో పోశాను.

నవంబరు 27, గురువారం

పెద్దాసుపత్రి. సత్యవతి గారు మంచం మీద, కాలికి బరువు కట్టారు. నన్ను చూసి లేవబోయింది.

"మీరేనండి నన్ను సూసింది. అరుపు ఇని తల తిప్పాను. మీ కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ బాబు సూల్లేదండి. ఒళ్ళోకి సూత్తన్నాడు, నవ్వుతా."

ఒళ్ళోకి. ఫోన్ అయి ఉంటుంది.

"బండి ఎవరు నడుపుతున్నారమ్మా మరి?" అని అడిగింది. ఊరికే, తెలుసుకుందామని అడిగింది. ఇన్నేళ్ళు స్టీరింగ్ పక్కనే బతికినదాన్ని, ఆవిడ దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

"ధాన్యం మంచుకి తడవలేదండి, మా ఆయన ఎత్తించేశాడు" అంది, నేను అడక్కుండానే.

నవంబరు 28, శుక్రవారం

గోపి వచ్చాడు. మేడ మెట్ల మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. సీసా తెచ్చి వాడి ముందు పెట్టాను.

"అందరూ పెడతారక్కా."

"అందరూ అక్కల మీద చెప్తారా?"

"నువ్వు లాగకపోతే ఆగేది. నిజంగా ఆగేదక్కా."

నా మొహం చూసి చెప్పలేదు ఆ మాట. సీసాను చూసి చెప్పాడు. వాడు ఆ మాట నిజంగానే నమ్ముతున్నాడు, అదీ నా గుండె కోసేది. అబద్ధమాడే తమ్ముణ్ణయితే నాలుగు తిట్టి దగ్గరకు తీసుకుందును.

పోతూ పోతూ సీసా తీయబోయాడు. నేను ఇవ్వలేదు.

నవంబరు 29, శనివారం

మళ్ళీ ఆసుపత్రికి. సత్యవతి గారి మంచం పక్కన ఆపిల్స్, హార్లిక్స్. అమ్మ చేతి స్టీలు క్యారేజీ. నేను గుర్తుపట్టనా?

"సోమవారం స్టేషన్‌కి వెళ్తున్నానండి. మొన్న మీరు చెప్పింది..."

గోడ వైపు తిరిగింది. "నాకేం గురుతు లేదమ్మా. ఎండ కళ్ళల్లో పడింది. మీరు కూడా వదిలేయండమ్మా."

ఆవిడ మీద నాకు కోపం లేదు. తుంటి విరిగిన మనిషి, రేపు నడవాలి, మందులు కావాలి. ఎవరు చూస్తామంటే వాళ్ళ వైపు తిరుగుతుంది. నేనైనా తిరుగుతాను. కోపమంతా ఆ క్యారేజీ మీద. చిన్నప్పుడు జ్వరం వస్తే నాకు జావ తెచ్చిన క్యారేజీ అది.

నవంబరు 30, ఆదివారం

రేపు గోపి వస్తాడట. ఇద్దరం కలిసి వెళ్తే మంచిదట. వాడి కారు పోలీసుల దగ్గరుంది. నా చెయ్యి ఇలా ఉంది. "స్కూలు బండి తీద్దాం, నేను నడుపుతా అక్కా" అన్నాడు.

సరే అన్నాను. నా వైపు బ్రేకు ఉన్న బండి.

డిసెంబరు 1, సోమవారం

స్టేషను బయట, బండిలోనే కూర్చుని రాస్తున్నాను.

కొవ్వూరు వెళ్ళే బ్రిడ్జి మీదుగా గోపి నడిపాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచాడు. అద్దాలు చూసుకున్నాడు. కొవ్వూరులో ఒక ముసలాయన సైకిలు తడబడితే ముందే నెమ్మది చేశాడు. స్టేషను గేటు ముందు ఎంత మెత్తగా ఆపాడంటే, నా కాలికి పని పడలేదు. అది చూసే ఏడుపొచ్చింది. ఇంత చక్కగా నడపడం వచ్చు వెధవకి.

దిగే ముందు అన్నాడు, "నేను చెప్పాల్సింది చెప్పేశాను. నువ్వు అవునంటే చాలక్కా. ఈ ఒక్కసారికి."

నేను సంచి ఒళ్ళోకి తీసుకున్నాను. లోపలికి వెళ్ళాడు.

సీసా సంచిలో ఉంది. నేను తోయకపోతే ఆగేదో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అది ఎస్సై గారు అడిగినా తెలియదనే చెప్పాలి. సీసా సంగతి మాత్రం తెలుసు.

కానిస్టేబుల్ మెట్ల మీద నుంచి పిలుస్తున్నాడు. "మేడమ్, రమ్మంటున్నారండి."

ఇంజను ఆపే ఉంది. తాళంచెవి గోపి దగ్గరే ఉంది. నా కాలు మాత్రం ఇంకా బ్రేకు మీదే ఉంది.