కూడలిలో మా చిన్నవాడి ముఖం

పురపాలక అధికారి గారి సముఖమునకు, నీటి సరఫరా విభాగంలో వాల్వులు తిప్పే ఉద్యోగి వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: నాలుగు రోడ్ల కూడలిలో నెలకొల్పిన అమర సైనికుని విగ్రహమునకు ముఖము మార్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునది ఏమనగా:

1. గత సంవత్సరం యుద్ధంలో మరణించిన సదరు సైనికుడు నా పెద్ద కుమారుడు. ఇరవై రెండేళ్ళవాడు. పెట్టె వచ్చింది కానీ తెరవవద్దన్నారు. తెరవలేదు. తదుపరి తమ కార్యాలయం వారు దయతో వాడికి సిమెంటు విగ్రహం మంజూరు చేసినారు. అందుకు మా కుటుంబం కృతజ్ఞతతో ఉన్నది.

2. విగ్రహం నిమిత్తం శిల్పి గారు ఫోటో కోరినారు. మా వద్ద ఉన్న ఒక్క ఫోటోలో టోపీ కళ్ళ మీదికి దిగి ఉన్నది. పెద్దది చేయిస్తే ముఖమంతా చుక్కలు చుక్కలుగా పోయింది. అందువలన శిల్పి గారు నా చిన్న కుమారుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని మలిచినారు. పోలికలు పట్టుకుంటారు కాబోలు అనుకున్నాము, ముఖానికి ముఖం దించేస్తారనుకోలేదు. తెర తీసిన రోజున అందరూ చప్పట్లు కొడుతుంటే మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, మా వాడికి ఏకంగా ముఖమే మారిపోయింది. పెద్దవాడివి చేటంత చెవులు. నవ్వితే చిగుళ్ళు కనబడేవి. అక్కడ ఉన్నది వాడు కాదండీ. మా చిన్నవాడు, బతికున్నవాడు. వాడి కాళ్ళ కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కి ఉన్నాయి.

3. సదరు విగ్రహం దిమ్మె పక్కనే నా వాల్వు గుంట. ప్రతి ఉదయం నా కన్నకొడుకు కాళ్ళ దగ్గర వంగి ఊరికి నీళ్ళు వదులుతున్నాను. ఉద్యోగ ధర్మం కనుక దీనిపై నాకు ఫిర్యాదు లేదు. ఉన్నది, కానీ అసలు ఫిర్యాదు అది కాదు.

4. చిన్నవాడు ప్రింటింగు ప్రెస్సులో అట్టలు కోసే పనిలో ఉన్నాడు. వాడి పనేదో వాడిది, వాడి వేళాకోళాలేవో వాడివి. విగ్రహం లేచింది మొదలు వాడు వీధిలో పోతుంటే జనం సైకిళ్ళు దిగి సలాం కొడుతున్నారు. మంగలి డబ్బులు తీసుకోవడం మానేశాడు. బడిపిల్లలు లాక్కెళ్ళి విగ్రహం పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. ఊరంతా కలిసి వాణ్ణి మునగచెట్టు ఎక్కించారు. ఇప్పుడు భోజనానికి కూర్చున్నా గడ్డం పైకెత్తి, నిటారుగా, అచ్చం అక్కడ ఉన్నట్టే కూర్చుంటున్నాడు.

5. యుద్ధం ఇంకా ముగియలేదన్న సంగతి తమకు తెలిసినదే. చిన్నవాడు మాకు చెప్పకుండా సైన్యానికి దరఖాస్తు పెట్టినాడు. వచ్చే సోమవారం దేహ పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. ఎందుకురా అని అడిగాను.

"కూడలిలో నిలబడి ఉన్నది నేనే కదా నాన్నా. ఇక్కడ అట్టలు కోసుకుంటూ కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు.

వాళ్ళమ్మ ఏడ్చింది, తిట్టింది, తిండి మానేసింది. వాడు ఆమె కాళ్ళు పట్టుకున్నాడు గాని మాట మార్చుకోలేదు.

6. ఈ విషయమై తమ కార్యాలయంలో రెండు పర్యాయములు మనవి చేసుకొనగా, విగ్రహం ఆమోదించిన నమూనా ప్రకారమే ఉన్నదని సమాధానం ఇచ్చినారు. హెడ్ గుమస్తా గారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, అన్నదమ్ములే కదా, ఎవరి ముఖమైతే ఏం, చూసేవాళ్ళకు తెలుస్తుందా అన్నారు. చూసేవాళ్ళలో మేమూ ఉన్నామండీ. మా ఆవిడ ఆయనతో ఒక్కటే మాట అని వచ్చేసింది: "పోయింది ఒకడు. మీరు ఇద్దర్నీ ఆ దిమ్మె మీద నిలబెట్టారు."

కావున తాము దయయుంచి సోమవారం లోపల ముఖము మార్పించగలరు. వీలుపడనిచో ముక్కూ మూతీ చెక్కేసి చదును చేయించినా మాకు అభ్యంతరం లేదు. అదీ కాదంటే దానికి ఒక గోనెసంచి కప్పడానికి అనుమతి ఇవ్వండి, సంచీ తాడూ నేనే తెచ్చుకుంటాను. ఆ ముఖం కనబడకపోతే వాడి మనసు మారుతుందేమోనని ఆశ. మారి తీరుతుందని రాసివ్వలేను. తండ్రినై ఉండి వాణ్ణి ఆపలేక తమ కాళ్ళ మీద పడుతున్నాను. నాకు ఇంకో దారి తోచలేదు.

ఇంతకు మించి చెప్పుకొనే చోటు లేనివాడి మొరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వాల్వు మనిషి
(కూడలి విగ్రహం వారి తండ్రి)

తా.క.: తాము క్యాంపులో ఉన్నారని చెప్పి మీ బంట్రోతు ఈ అర్జీ తీసుకోలేదు. ఈలోపు చిన్నవాడు పరీక్షలో నెగ్గాడు. యుద్ధకాలం కనుక వెంటనే రమ్మన్నారట, నిన్న బండెక్కించి వచ్చాము. కొత్తది రాసే ఓపిక లేక ఇదే కాగితం పంపుతున్నాను. పైన కోరినవన్నీ రద్దు చేసుకుంటున్నాను. ముఖం ముట్టుకోవద్దు. గోనెసంచీ వద్దు. ఈ పొద్దున మా ఆవిడ కూడా నాతో వచ్చి, నేను నీళ్ళు వదిలినంతసేపూ ఎదుటి అరుగు మీద కూర్చుని వాణ్ణే చూసింది. అప్పుడు వాన పడుతోంది. పైన ఒక రేకైనా వేయించగలరేమో అడగమంటోంది, వాడు తడుస్తున్నాడట.