ఇద్దరం కూర్చున్న పరీక్ష

ప్రియమైన వదినకి,

శిక్షణ హాస్టల్‌కి చేరాను. గది బాగుంది, తోటి అమ్మాయి మంచిది అని రాద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి సాగడం లేదు. బస్సు దగ్గర బ్యాగు అందిస్తూ, "అక్కడైనా కాస్త తక్కువ మాట్లాడవే వసపిట్టా" అని నవ్వావు చూడు, అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు.

ఆసుపత్రి కౌంటర్లో పక్కపక్కన కూర్చునే మనిద్దరం అక్కడికొచ్చే విదేశీ రోగుల కోసం తీసుకునే దుబాసీ ఉద్యోగం మీద ఆశతోనే కదా స్పానిష్ మొదలుపెట్టాం. పై తరగతికి వచ్చాక ఆ క్రియాపదాలు ప్రాణం తోడేశాయి. జరిగినదానికి ఒక రూపం, జరగాలని కోరుకునేదానికి ఇంకోటి, జరిగి ఉండాల్సినదానికి మరోటి. గిన్నెలు తోముతూ అవన్నీ నాకు నూరిపోసింది నువ్వే. "మీ అన్నయ్య ఈ గిన్నెలు తోమి ఉంటే నేను ఈపాటికి పండితురాలినయ్యేదాన్ని" అని నువ్వు స్పానిష్‌లో అనేదానివి. ఏమంటోందని అన్నయ్య అడిగితే, నిన్ను పొగుడుతోందని చెప్పేదాన్ని.

ఆ ఉద్యోగానికి కావలసిన మాటల పరీక్షకి ఇద్దరిద్దర్ని జతగా కూర్చోబెడతారని తెలిశాక ఒప్పందం పెట్టిందీ నువ్వే. ఒకరు ఆగిపోతే రెండోవాళ్లు చిన్న ప్రశ్న వేసి అందుకోనివ్వాలి. మొదట నేను తడబడితే నువ్వు అలాగే ఆదుకున్నావు. తర్వాత నువ్వు ఓ పెద్ద వాక్యం మధ్యలో ఆగి నావైపు చూశావు. ఏం అడగాలో నాకు తెలుసు వదినా. నాలుక చివరే ఉంది. అడగలేదు. నీ వాక్యం నేనే పూర్తిచేసి, గుక్క తిప్పుకోకుండా వాగాను. పరీక్ష పెట్టినావిడ మెచ్చుకోలుగా తలాడిస్తుంటే నాకు ఒళ్లు తెలియలేదు. నువ్వు నోరు తెరిచి మళ్లీ మూసుకోవడం మాత్రం కనిపిస్తూనే ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. నువ్వు పరీక్ష తప్పావని తెలిసిన సాయంత్రం అన్నయ్య, "తనకి నలుగురిలో భయం, ముందే చెప్పాను కదా" అన్నాడు. నేను అవునని తలూపాను. నువ్వు నన్నే చూస్తున్నావు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. రేపు ఈ ఉద్యోగం నాకొద్దని చెప్పేసి, నీకు ఇమ్మని అడుగుతాను.

నీ
వసపిట్ట


వసపిట్టకి,

ఉద్యోగం వదిలావంటే కాళ్లు విరగ్గొడతాను. నువ్వు కాదంటే పరీక్ష తప్పినదాన్ని పిలిచి ఇస్తారటే? నీ త్యాగాలు నా నెత్తిన పెట్టకు.

నువ్వు చేసింది నాకు అక్కడే తెలిసింది. కోపం వచ్చింది, ఇంకా పోలేదు. అయినా మెచ్చుకునేవాళ్లు ఎదురుగా ఉంటే ఎవరి నోరూ ఆగదులే, అది మర్చిపోగలను. తలూపావు చూడు, అదే మింగుడుపడటం లేదు. అప్పటినుంచీ ఈ ఇంట్లో నేను పిరికిదాన్ని. మీ అన్నయ్య ప్రేమగానే అంటున్నారు పాపం, "నీకెందుకే ఆ టెన్షన్, వదిలెయ్" అని. వినీ వినీ నాకే అనుమానం వచ్చింది, నిజంగానే భయపడ్డానేమోనని. నీ ఉత్తరం చదివాకే గుండె నిబ్బరపడింది. అందుకు మాత్రం నిన్ను తిట్టను.

మళ్లీ పరీక్షకి పేరిచ్చేశాను. జతగా నేనొస్తానంటావని తెలుసు. వద్దు. మన క్లాసులో, నోరు తెరిస్తే చెమటలు పట్టే బేకరీ ఆయన ఉన్నారు కదా, ఆయన్ని అడిగాను. ఎగిరి గంతేశారు.

ఈ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించను. జరిగిందంతా నువ్వే నీ నోటితో చెప్పాలి. ఆదివారం ఆయన ఇంట్లోనే ఉంటారు, ఫోన్ చెయ్యి. ముందు ఆయనకి చెప్పు. ఆ తర్వాత ఫోను నాకివ్వమను.

మీ వదిన