సత్లడకు గ్రేడ్

ఫిబ్రవరి 3, సోమవారం
1983 ఏప్రిల్. రఘునాథపల్లిలో వాళ్ళ మోటారు బావి దగ్గర, పదిమంది ముందు నా స్నేహితుడు సురేందర్ మాటిచ్చాడు. నీ పెండ్లికి ఏడు వరుసల ముత్యాల సత్లడ నేను తెస్తరా జయపాల్, నీ పెండ్లాం మెడల నా ముంగట్నే ఏపిస్త అన్నాడు. భూములున్న ఇంటి పిల్లవాడు. నమ్మాను. అత్తవారి ఊరు నర్సింహులపేటలో అందరికీ చెప్పుకున్నాను.

పెళ్ళిరోజు ఒక్క వరుస తెచ్చాడు. ముడతలు పడ్డ, సన్నటి, వంకర గింజలు. నా భార్య కల్పన మేనత్త అది చేతిలో పట్టుకుని, నూకలకు దారం గట్టి తెచ్చిండ్రే, వండుకుంటె ఒక పూటకు గూడ రావు అన్నది. చర్చి వాకిట్లో పందిరంతా నవ్వింది.

ఆ రాత్రే కల్పనతో చెప్పాను, ఆ ప్లాస్టిక్ పారెయ్యమని. పారేశాను అన్నది.

మళ్ళీ ఎవడూ నన్ను మోసం చేయకూడదని హైదరాబాద్ వెళ్లి ముత్యాల పని నేర్చుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు సార్టింగ్ బల్ల దగ్గర కూర్చున్నాను.

ఈ రోజు సురేందర్ ఫోన్ చేశాడు. మనవరాలు భావన పెళ్ళట, పన్నెండున. సత్లడ దారాలు మార్చాలట, గ్రేడ్ రాసివ్వాలట. నువ్వు దప్ప ఎవ్వల్లేరురా అన్నాడు.

సత్లడ! ఒప్పుకున్నాను. నిజం రాస్తాను. వాళ్ళ ఇల్లంతా చదవాలి.

ఫిబ్రవరి 5
జనగామలో నా ఇంటికి కర్ర పట్టుకుని వచ్చాడు. ఎట్లున్నవ్‌రా అని కూడా అడగలేదు. పెట్టె తెరిచి ట్రిపుల్ ఏ అని రాసియ్యి, మొగపిల్లగానోళ్లు అడుగుతున్రు అన్నాడు.

ట్రిపుల్ ఏ అంటే ఏమిటో తెలుసా అని అడిగాను. తెలియదు. ఎవరికీ తెలియదు. ముత్యాలకు ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత లేదు. ఒక దుకాణం ఏ అన్నది పక్క దుకాణంలో ట్రిపుల్ ఏ. మా సేఠ్ దగ్గర మాత్రం ఐదు చూసేవాళ్ళం: మెరుపు, చర్మం, ఆకారం, సైజు, జత. ఐదూ కుదిరితేనే ఏ. అంతకు మించి అక్షరం లేదు.

చదువుకున్నోని తోటి గిదే పరేషాన్ అని లేచి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 6, ఉదయం 7
తెల్ల గుడ్డ, కిటికీ వెలుగు. ట్యూబ్‌లైట్ కింద చూసేవాడు దొంగ.

చైనా మంచినీటి సరుకు. గుండ్రం. వరుసల మధ్య పచ్చలు. ఐదు వరుసలు బాగున్నాయి. కింది రెండింటికి మెరుపు తక్కువ, చర్మం మీద గుంటలు. పైవాటి వెలుగులో కిందివి దాక్కుంటాయనుకున్నారు.

ముత్యం మీద కవిత్వం చాలా చదివాను. అంతా చెత్త. కత్తితో ఆల్చిప్పను కోసి, ఇంకో చిప్ప మాంసం ముక్క లోపల పెట్టేది మనిషి. తర్వాత ఏళ్ళ తరబడి చెరువు నీళ్ళలో వేలాడదీస్తాడు. దానికి దుఃఖమూ తెలియదు, తపస్సూ తెలియదు.

ఫిబ్రవరి 7
నాలుగు వరుసలు. గింజకొక ముడి. కళ్ళు మండుతున్నాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం
చర్చి నుంచి వచ్చాక నా బిడ్డ శైలజ బల్ల మీద ఒక హార్లిక్స్ డబ్బా పెట్టింది. గాల్లందరియి చూస్తున్నవ్ గద నాయిన, జర ఇది గూడ చూడు అన్నది.

నూకలు.

అమ్మ పారెయ్యలేదట. నేను హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో వేసుకునేదట. నేను వచ్చే శనివారం తీసి డబ్బాలో దాచేదట. మీ నాయినకు కండ్లవడితె కొంప కూల్తది అనేదట. కల్పన పోయి రెండేళ్ళు.

రంధ్రం అంచు చూశాను. పూత లేదు, పెచ్చు లేదు. పంటి మీద రుద్దాను. ఇసుక తగిలినట్టు కరకర. ఇంకోటి. ఇంకోటి. అన్నీ అసలువే.

రాయాలి కాబట్టి రాస్తున్నాను. 1986లో మా దుకాణంలో చైనా మూట విప్పినప్పుడు బల్ల నిండా ఇవే గింజలు పోశారు. ముడతలు, వంకరలు. ఆ కాలంలో వాళ్ళ సరుకే అంత. సురేందర్ తెచ్చినవి అసలువేనని ఆ రోజే నాకు తెలిసింది. ఇంటికి వచ్చి కల్పనను అడగలేదు. పారేశానన్నది కదా అనుకున్నాను. అట్లా అనుకోవడం సుఖంగా ఉండింది.

ఫిబ్రవరి 10
సురేందర్‌కు ఫోన్ చేశాను. నా పెళ్ళికి నువ్వు తెచ్చిన దండ అసలుదని అప్పుడే ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

ఏ దండ అన్నాడు.

నర్సింహులపేట, చర్చి, పందిరి అన్నీ చెప్పాను. నాకేం యాదికి లేదురా, నేను అన్నం తిన్నది గూడ యాదికి లేదు, సత్లడ అయిందా అన్నాడు.

ఫిబ్రవరి 11
సత్లడ ఇచ్చేశాను, చీటీతో. ఐదు వరుసలు ఏ, రెండు బీ. గిట్ల రాస్తవారా, పెండ్లి ఇంట్ల నా ఇజ్జత్ ఏంగావాలె అని అరిచాడు. ఇంకొకరితో రాయించుకో అన్నాను. ఇంకొకరు లేరని ఇద్దరికీ తెలుసు. చీటీ జేబులో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 12
కల్పన దండకు కొత్త పట్టుదారం వేశాను. గింజకొక ముడి. పెళ్ళికి శైలజ వేసుకుని వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

మెరుపు: చెమటకు పోయింది. చర్మం: ముడతలు. ఆకారం: నూక. సైజు: ఒకటికొకటి పొంతన లేదు. జత: లేదు. గ్రేడ్: సీ.

సత్లడ అన్నాడు. ఆరు వరుసలు తక్కువ.

తప్పు సురేందర్‌ది. సురేందర్‌దే.