తార ఉరుకుతోందని రాశాను

ఎల్లారెడ్డి, 1936 ఆషాఢం

ప్రియమైన మీకు,

పుట్టింటికి, మా అవ్వ దగ్గరికి వచ్చి నేటికి మూడు నెలలు. మన తారకు జ్వరం లేదు. కిందటేడు కోరింత దగ్గు మీద నిమోనియా వచ్చి, దక్కదనుకున్న పిల్ల ఇప్పుడు రెండు పూటలా అన్నం తింటోంది. కానీ ఇంటి నుంచి కాలువ దాకా నడిస్తే రెండుచోట్ల కూర్చుంటుంది. రొమ్ములో పిల్లికూతలు వినిపిస్తాయి. "మిల్లు దుమ్ముల ఈ పిల్లను ఉంచొద్దు. ఆగకుంట ఉరికిననాడు తోలుకరండి" అని కామారెడ్డి డాక్టరు చెప్పిన మాట రోజూ గుర్తొస్తుంది. మధ్యాహ్నం మిల్లు గంట కొట్టగానే మీరు మన గది తలుపు తీసే చప్పుడు నాకు ఇక్కడ కూడా వినిపించినట్టే ఉంటుంది.

మీ భూదేవి

కామారెడ్డి, 1937 మార్గశిరం

ప్రియమైన భూదేవికి,

కొత్త వడ్లు దిగాయి. మిల్లు ఆగడం లేదు, గుమాస్తాలకు సెలవు లేదు. అన్నానికి గదికి పోతే నీ దువ్వెన గూట్లోనే ఉంది. నేను కదపలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనేవాళ్లు లేరు.

నా బిడ్డ ఉరుకుతోందా? ఆ ఒక్క మాట రాయి.

నీ కిష్టయ్య

ఎల్లారెడ్డి, 1938 కార్తీకం

ప్రియమైన మీకు,

మీరు ప్రతిసారీ అడిగే మాటకు జవాబు, ఉరుకుతోంది. దగ్గు కూడా లేదు. దసరాకు వచ్చినప్పుడు మీరే చూశారు గదా, మీ ఒళ్లో ఎంత నిమ్మళంగా కూర్చుందో. రెండున్నరేళ్లయింది. ఇక మమ్మల్ని పిలిపించుకోండి.

మీ దారి చూస్తూ,
భూదేవి

కామారెడ్డి, 1939 మాఘం

ప్రియమైన భూదేవికి,

డాక్టరుకు చెప్తే, "ఆగకుంట ఉరుకుతున్నదా? ఇంకేం, తెచ్చుకో" అన్నాడు. గదికి సున్నం వేయించాను. శుక్రవారం మిల్లు బండి తోలే మల్లయ్య మీ కోసం బండి కట్టుకుని వస్తాడు. తారకు చదవడం వచ్చిందట గదా, ఈ ఉత్తరం దానితోనే చదివించు.

మీ ఇద్దరి కోసం,
కిష్టయ్య

ఎల్లారెడ్డి, 1939 మాఘం, శుక్రవారం

ప్రియమైన మీకు,

బండి ఖాళీగా వచ్చిందని కంగారు పడకండి. ఈ ఉత్తరం మల్లయ్య చేతికే ఇస్తున్నాను. తప్పు నాది.

మీ ఉత్తరం తార పైకి చదివింది. 'ఆగకుంట ఉరుకుతున్నదా' అన్నచోట ఆగి నా ముఖం చూసింది. "అవ్వా, నేను ఉరుకుతున్ననా?" అంది. దాని చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడిచాను. మర్నాడు పొద్దున వాకిట్లో అదొక్కతే ఉరుకుతోంది. నాలుగడుగులు వేసి వంగిపోతుంది, మళ్లీ నాలుగడుగులు. పెదవులు నల్లబడ్డాయి. ఎత్తుకుంటే రొప్పుతూ, "శుక్రారం దాంక నేర్చుకుంట. బాపు దగ్గరికి పోవాలె గద" అంది.

దసరాకు మీ ఒళ్లోంచి దాన్ని దిగనివ్వనిది నేనే. మీ దగ్గరికి రావాలన్న ఆశ నాతో అబద్ధం రాయించింది. నిన్న ఇక్కడి దవాఖానాలో చూపించాను. "కుడిదిక్కు ఊపిరితిత్తి కొంత గట్టిపడ్డది. పిల్ల పెరుగుతది, పనులు చేసుకుంటది. పోయిన ఊపిరి మాత్రం మళ్ల రాదమ్మా" అన్నాడు డాక్టరు. ఆ దుమ్ములోకి దాన్ని తేలేను. ఇంకొన్నాళ్లు ఎదురుచూడమని మీకు రాయలేను.

మన్నించమని అడిగే ముఖం లేని,
భూదేవి

కామారెడ్డి, 1939 ఫాల్గుణం

ప్రియమైన భూదేవికి,

కోపం వచ్చింది. వారం రోజులు కలం పట్టలేదు. ఆ తర్వాత నా పాత ఉత్తరం గుర్తొచ్చింది. ఉరుకుతోందని రాయమని అడిగింది నేనే. ఎట్లుందని అడగలేదు.

మిల్లు షావుకారికి చెప్పాను. "పదేండ్ల నౌకరి ఇడిసిపెట్టి ఆడ ఏం జేస్తవు కిష్టయ్యా?" అన్నాడు. ఎల్లారెడ్డి తహసీలు కచేరి ముందు కూర్చుని అర్జీలు రాస్తానన్నాను. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవాడికి అక్కడ బువ్వ దొరుకుతుంది. బాగయ్యాక చూద్దామని నా బిడ్డ మూడేళ్లు పెరగడం చూడకుండా పోగొట్టుకున్నాను. ఇక పోగొట్టుకోను.

బుధవారం బస్సుకు వస్తున్నాను. నన్ను చూడగానే తార ఎదురు రాబోతుంది. పట్టుకో, గడప మీదే కూర్చోబెట్టు. ఉరికి వచ్చేది నేను.

నీ కిష్టయ్య