తాత లైటర్‌కు రాయి కావాలి

కోమలక్కా, నేను క్షేమం.

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు హోసూరు బస్టాండు తనిఖీలో పోలీసులు తాత లైటర్‌ను తీసుకున్నారు. బర్మా యుద్ధంలో ఆయన ఖాళీ తూటాతో చేసుకున్నది. పాత మిలిటరీ లైటర్లు సేకరించేవాళ్లకు చూపాలని నా లైటర్ల పెట్టెంతా బెంగళూరుకు తీసుకెళ్తున్నాను. మిగతావి తిరిగి ఇచ్చేశారు. దీన్ని మాత్రం అసలు తూటా అని అనుమానిస్తున్నారు. సిగరెట్ ముట్టించేదని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ దాని మీది కుంకుమ చూపించి, "ఆయుధం కాదంటావు, మరి ఆయుధపూజ ఎందుకప్పా చేసినావు?" అన్నాడు. పూజనాడు ఆ బొట్టు పెట్టింది నువ్వే. బాధపడకు, ఏటా పెట్టేదే కదా. వెలిగించి చూపమన్నారు. లోపలి చెకుముకి రాయి అరిగిపోయింది, నిప్పు రాలేదు. ఇప్పుడు అంగళ్లలో దొరికే రాళ్లు దానికి సన్నం.

బీరువాలో తాత నశ్యం డబ్బా ఉందా? అందులో పాత రాళ్లు ఉండాలి. వెంటనే మీ అబ్బాయి కేశవ్ చేత హోసూరు పోలీస్ స్టేషన్‌కు పంపు. ఫోన్‌లో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. మోకాలి నొప్పి తగ్గిందా? కేశవ్‌కు నా ఆశీస్సులు.

శుక్రవారం ఉదయం స్టేషన్‌కు తూటాల నిపుణుడు వస్తున్నాడు. అప్పటికీ వెలగకపోతే దాన్ని రెండుగా కోసి చూస్తాడు.

నీ తమ్ముడు గిరి