అరచేతి అంచు

తహునాన్, జెపారా
4 నవంబరు 1996

ప్రియమైన ముర్తినాకి,

నీ ఉత్తరం అందింది. లాంపుంగ్‌లో మీ తమ్ముడి కాఫీ తోట పూతకొచ్చిందని, ఆ వాసనకి నీకు తలనొప్పి వస్తోందని రాశావు. మల్లెపూలు పెట్టుకున్నా తలనొప్పే అనేదానివి, ఇందులో వింతేముంది.

ఇక్కడి కబురు పెద్దదే. మన గురువు రుస్తమాజి గారికి చూపు ఆనడం లేదు. కుదుస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ చెక్కడం పని షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టారు. "నువ్వే నడుపుకో అమ్మా, పేరు మాత్రం మార్చకు" అన్నారు. ఇప్పుడు ఆరుగురం ఆడవాళ్ళం చెక్కుతున్నాం. మధ్యాహ్నం టేకాకు పొట్లాల్లో సగ్గుపిండి హొరొక్-హొరొక్ తింటాం, రేడియోలో పాట వస్తే సుత్తులు కూడా ఆ తాళానికే వేస్తాం. మనిద్దరం పదమూడేళ్ళప్పుడు ఇదే అరుగు మీద ఇలాగే కొట్టేవాళ్ళం, గుర్తుందా? నువ్వు తాళం తప్పితే గురువుగారు నిన్ను వదిలేసి నన్ను తిట్టేవారు.

కానీ ముర్తినా, చెక్క కోసే సర్పాన్ పెద్ద ఫ్యాక్టరీలో చేరిపోయాడు. రంపం బల్ల ఉంది, కోసేవాళ్ళు లేరు. అదే బల్ల. దాని మీద చాప కప్పి ఉంచాను. కుర్చీల పని ఒప్పుకున్నాం, పలకలు సైజుకి కోస్తే తప్ప ఉలికి పని లేదు. ఉపవాసాల నెల మొదలయ్యేలోగా కోత మొదలుపెట్టకపోతే తాళాలు తిరిగి ఇచ్చేయాల్సిందే. మిగతా ఐదుగురూ ఏదో ఫ్యాక్టరీకి వెళ్ళి గరుకు కాగితం రుద్దుకుంటారు.

ఆ బల్ల ముందు నిలబడితే నాకు నా గొంతే వినిపిస్తుంది. తొమ్మిదేళ్ళ కిందట గుమ్మంలో నిలబడి, "ముర్తినా, టీ చల్లారిపోతోంది" అన్నాను. చెక్క కోస్తున్న నువ్వు తల తిప్పావు. అంతే, నీ ఎడమ చేతి వేళ్ళు పోయాయి. జెపారాలోనే అంత నున్నగా ఆకు చెక్కే చేయి లేదనేవారు. ఆ చేతిని నా టీ తినేసింది. నేనెలా ముట్టుకోను దాన్ని?

నీ,
సుకేసి

* * *

సుంబర్‌జాయ, లాంపుంగ్
19 నవంబరు 1996

నా సుకేసీ,

తాళాలు తిరిగి ఇస్తానని ఇంకోసారి రాశావంటే నేనే వచ్చి నీ జుట్టు పట్టుకుంటాను. ఒక చేయి సరిగ్గా లేకపోయినా ఆ పనికి రెండోది చాలు.

రంపం బల్ల పులి కాదే. దానికి కోపం, ప్రేమ ఏమీ లేవు. దాని ముందు ఏది పెడితే అది కోస్తుంది, అదొక్కటే దానికి తెలిసిన పని. అందుకని దాని ముందు ఏది పెట్టాలో నేర్చుకో.

మొదట ప్లగ్ పీకి పక్కన పెట్టు. బ్లేడు చేత్తో తిప్పి చూడు, పళ్ళు విరిగాయేమో, నట్టు వదులుందేమో. కొలతకి ఆనించే పక్కచెక్క ముందూ వెనకా బ్లేడుకి ఒకే దూరంలో ఉండాలి. వెనక దగ్గరైతే చెక్క ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే నీ పొట్టలోకి వెనక్కి తంతుంది. బ్లేడు వెనకాల ఒక ఇనుప రేకు నిలబెట్టి ఉండాలి, కోసిన చీలిక మళ్ళీ మూసుకోకుండా అదే కాస్తుంది. సర్పాన్ అడ్డొస్తోందని అది తీసి ఎక్కడో పారేసి ఉంటాడు. వాడి సంగతి నాకు తెలుసు. వెతికి పెట్టించు.

బ్లేడు చెక్క పైకి ఒక పన్నంత వస్తే చాలు. తలకి కట్టుకునే గుడ్డ కొసలు జాకెట్టులోకి దోపుకో. చేతి తొడుగులు వద్దు, బ్లేడు వాటిని పట్టుకొని చేతిని కూడా లాగుతుంది. బ్లేడుకి సూటిగా వెనక నిలబడకు, కాస్త ఎడమకి జరుగు. వంకర తిరిగిన పలకని ముందు చిత్రిక పట్టి చదును చేసుకో. సన్నపాటి ముక్కల్ని చేత్తో తొయ్యకు, తోపుడు కర్ర ఒకటి చెక్కుకో. చేపతోక ఆకారంలో చెక్కు, నీకు పని చూపించుకోవడం ఇష్టం కదా.

మొదటి రోజు చెక్క పెట్టకు. మిషన్ ఊరికే వేసి, ఆ మోత వింటూ నిలబడు. గుండె దడ తగ్గాక ఆపెయ్. రెండో రోజు పనికిరాని ముక్క పెట్టు.

టీ సంగతి ఎందుకు తవ్వుతావు. నేను క్షమించానని ప్రతి పండగకీ చెప్తూనే ఉన్నాను కదా.

నీ,
ముర్తినా

* * *

తహునాన్
22 డిసెంబరు 1996

ప్రియమైన నా ముర్తినా గురువుగారికి,

అవును, గురువుగారే. ఇనుప రేకు కోళ్ళగూటి కింద దొరికింది. నువ్వు లాంపుంగ్‌లో కూర్చుని అక్కడి నుంచే చూశావేమో అనుకున్నాం.

మొదటి రోజు మోత విని నేను బయటికి పరిగెత్తాను. వసీనా, మాలో అందరికంటే చిన్నది, "అక్కా, అది బల్లకి బిగించి ఉంది, నీ వెనక రాదులే" అంది. అందరూ నవ్వారు, చివరికి నేనూ నవ్వాను. నాలుగో రోజుకి పలక కోశాను. గీత మీద గీతలా వచ్చింది. ఇప్పుడు కుర్చీ కాళ్ళన్నీ నేనే కోస్తున్నాను. చేపతోక కర్ర చెక్కాను, పొలుసులతో సహా. పాతరోజుల్లో నువ్వు బల్ల దగ్గర నిలబడే తీరు గుర్తొస్తుంది, నడుం మీద ఒక చేయి, నోట్లో లవంగం. నేనూ లవంగం వేసుకుంటున్నాను.

కోసేవాళ్ళని వెనక నుంచి ఎవరూ పిలవకూడదని షెడ్డులో గట్టిగా చెప్పాను. పని ఉంటే ఎదురుగా వచ్చి నిలబడాలి, మిషన్ ఆగేదాకా ఆగాలి. అది నా తప్పుకి నేను పెట్టుకున్న నియమం.

ఒక్కదానికి మాత్రం వసీనా నన్ను ఏడిపిస్తోంది. కోత అవగానే స్విచ్చి ఆపి, అరచేతి అంచుతో బల్ల మీది పొట్టు పక్కకి తోసేస్తున్నానట, ఉలిపని చేసేటప్పటిలాగే. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? గీత కనపడందే మన చేయి ఊరుకోదు కదా.

ఇంకో ఏడు వారాల్లో పండగ, అందరూ ఒకరినొకరు క్షమించమని అడిగే రోజు. నువ్వు వెళ్ళినప్పటి నుంచి ఉత్తరంలోనే అడుగుతున్నాను, ఈసారి ముందే అడుగుతున్నాను. ఆ పిలుపుకి నన్ను క్షమించు. నీ పాదాలు అంటుతున్నానని అనుకో.

నీ,
సుకేసి

* * *

సుంబర్‌జాయ
3 జనవరి 1997

సుకేసీ,

ఇది చదవడం ఆపి ముందు వెళ్ళి ప్లగ్ పీకెయ్. పీకాకే మిగతాది చదువు.

పీకావా?

అరచేతి అంచు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నీకు అన్నీ చెప్పి అదొక్కటీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు చెప్తాను. ఇది చెప్పకుండా దాన్ని చెప్పే దారి వెతికాను, దొరకలేదు.

నా వేళ్ళు నీ పిలుపుకి పోలేదు.

ఆ రోజు నేను కోత ముగించాను. స్విచ్చి నేనే ఆపాను. మోత ఆగిపోయింది. మోత ఆగితే బ్లేడు కూడా ఆగినట్టే అనిపిస్తుంది, కానీ చాలాసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. కొత్త గీత చూసుకోవాలని అరచేతి అంచుతో పొట్టు తోశాను. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలులో సగం. ఆ తర్వాతే నీ గొంతు వినపడింది. నేను తల తిప్పింది పిలుపుకి కాదు, నొప్పికి. మిషన్ మోగుతుంటే నీ పిలుపు నాకసలు వినపడేదే కాదు, ఆ మాట ఎవరికీ తట్టలేదు.

ఆసుపత్రిలో నువ్వు నా మంచం కోడు పట్టుకొని "నేనే పిలిచాను, నేనే పిలిచాను" అని ఏడ్చావు. రెండో రోజు నువ్వు దువ్వెన తెచ్చావు. ఎడమ చెయ్యి లేకుండా జుట్టు ముడేసుకోలేను, నీకది అడక్కుండానే తెలిసింది. ఐదేళ్ళు ప్రతి సాయంత్రం వచ్చి దువ్వావు. నిజం చెప్తే రేపు రావేమోనని భయం. ఉలి పోయింది, ఆ దువ్వెన కూడా పోతే నాకు ఇంకేమీ లేదు.

దెమాక్ నుంచి వచ్చిన పెళ్ళి సంబంధం నా కోసం కాదన్నావని తెలిసినప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేక ఇంత దూరం పారిపోయి వచ్చాను. ప్రతి పండగకీ నువ్వు క్షమించమని అడిగావు, నేను క్షమించానన్నాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

స్విచ్చి ఆపాక బ్లేడు పళ్ళు విడివిడిగా లెక్కపెట్టగలిగేదాకా చేతులు వెనక కట్టుకో. పొట్టు చీపురుతోనే ఊడ్చు. ఇదొక్కటి చెయ్యి. ఆ తర్వాత నాతో మాట్లాడకపోయినా సరే.

ముర్తినా

* * *

సుంబర్‌జాయ
2 ఫిబ్రవరి 1997

ప్రియమైన సుకేసీ,

నెల కావొచ్చింది. పోస్టాయన మా గేటు దాటిపోయినప్పుడల్లా, చదివి కోపం తెచ్చుకున్నావా, లేక ఉత్తరం చేరకముందే ఏదైనా జరిగిందా అని రెండు రకాలుగా చస్తున్నాను. కోపమైతే మంచిదే. ఉత్తరం రాయొద్దు. ఖాళీ కాగితం మీద నీ వేళ్ళ గుర్తులు అద్ది పంపు. పదీ ఉన్నాయని చూసుకుంటాను.

ముర్తినా

* * *

తహునాన్
16 ఫిబ్రవరి 1997

ముర్తినా,

కాగితం వెనక చూడు. టేకు పాలిష్‌లో ముంచి అద్దాను. పదీ ఉన్నాయి. లెక్కపెట్టుకున్నాకే ఇటు తిప్పు.

నాకు కోపం వచ్చింది. ఇంకా ఉంది. నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఉలి ముట్టలేదు. అరుగు మీద కూర్చుని తొమ్మిదేళ్ళూ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. దెమాక్ ఆయన గురించి నువ్వేమీ ఏడవక్కర్లేదు. నీ కోసమే కాదన్నానని ఊరంతా చెప్పుకున్నాను, అందులో నిజం సగమే. మిగతా సగం, పెళ్ళయ్యాక ఉలి పట్టకూడదన్నాడాయన. చూశావా, నేనూ కొంచెం దాచుకున్నాను.

నన్ను ఏడిపించింది అది కాదు. తొమ్మిదేళ్ళుగా నేను ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. నీకు తెలుసా ఆ సంగతి? వీధిలో మా అక్క పోతున్నా పరిగెత్తి ఎదురుగా వెళ్ళి నిలబడతాను. టీ పోసి, ఎవరైనా వచ్చి చూసుకునేదాకా గిన్నె పట్టుకొని కూర్చుంటాను. ఎన్ని టీలు చల్లారిపోయాయో. నువ్వు ఒక్క మాట చెప్పుంటే నేను దువ్వడానికి రావడం మానేసేదాన్నా? అంతేనా నేను నీకు తెలిసింది? మొదట తప్పు చేశానని వచ్చి ఉంటాను. ఐదేళ్ళపాటు ప్రతి సాయంత్రం తప్పు చేశానని ఎవరూ రారే. నీ జుట్టంటే ఇష్టం నాకు, నీ వాగుడంటే ఇష్టం.

రంపం బల్ల పక్కన కొబ్బరి ఈనెల చీపురు వేలాడుతోంది. స్విచ్చి ఆపగానే అందరం చేతులు వెనక కట్టుకుంటాం, వసీనా పళ్ళు లెక్కపెడుతుంది. తను ఇరవై నాలుగు అన్నాకే చీపురు కదులుతుంది. నీ ఉత్తరం రావడానికి ముందు రోజు కూడా నేను చేత్తోనే తోశాను. అలా తోయొద్దని చెప్పడానికి నన్ను పోగొట్టుకోవడానికైనా సిద్ధపడ్డావు. అక్కడికొచ్చేసరికి నా కోపానికి కాళ్ళు తడబడుతున్నాయి.

పండగ వెళ్ళిపోయింది. ఈసారి అడిగే వంతు నీది. ఉత్తరంలో అడిగితే ఒప్పుకోను. వచ్చి నా చేయి పట్టుకొని అడుగు. ఐదేళ్ళు నేను దువ్వాను, ఇక నేను కూర్చుంటాను, నువ్వు దువ్వు. ఉన్న వేళ్ళతోనే దువ్వు, వంకరగా ముడేసినా ఊరుకుంటాను. పిల్లలకి కోత నేర్పేవాళ్ళు కావాలి, నా చేపతోక కర్రకి నువ్వే వంకలు పెట్టాలి.

ఈ రోజు మధ్యాహ్నం మిషన్ ఆగి, పళ్ళు లెక్కపెట్టడం అయ్యాక, ఆ గుమ్మంలో నిలబడి గట్టిగా ఒక పేరు పిలిచాను. అందరూ తలలు తిప్పారు, షెడ్డులో ఉన్న ఎవరి పేరూ కాదది. ఏమీ జరగలేదు. కిటికీలో పిట్ట ఎగిరిపోయింది, అంతే.

ముర్తినా, టీ చల్లారిపోతోంది. రా.

నీ,
సుకేసి